ఉప్పునీటి ట్యాంకు మాక్రో వీడియో: కెమెరా మార్చే ముందు చూడాల్సినవి

"ఆటోఫోకస్ పనిచేయడం లేదు, ఏ కెమెరా కొనమంటారు?" అని అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒకటే: గాజు తుడిచారా? తుడిచామనే అంటారు. బయటివైపు తుడిచి ఉంటారు, లోపలివైపు సంగతి గుర్తుండదు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. ట్యాంకు అడుగో అడుగున్నరో పొడవున్న రీఫ్ (పగడాల) ట్యాంకని, చేతిలో ఉన్నది 100 మి.మీ. మాక్రో లెన్సని (చిన్న జీవులను దగ్గరగా, పెద్దగా చూపేది) అనుకుంటున్నాను.

బొమ్మంతా మసకగా ఉంటే

లోపల ఆల్గే పొర, బయట ఎండిన ఉప్పు. రెండూ కంటికి ఆనవు, కానీ పైనుంచి లైటు పడగానే ఆ పొర వెలుతురును చెదరగొట్టి నలుపును బూడిదరంగు చేస్తుంది. లోపల మాగ్నెట్ క్లీనర్‌తో గీకండి. బయట మాత్రం పొడిగుడ్డ పెట్టకండి. ఎండిన ఉప్పు గాజును గీసేస్తుంది, ముందు తడిగుడ్డతో కరిగించాలి. అమోనియా కలిసిన గాజు క్లీనర్లను ట్యాంకు దగ్గరికే రానివ్వకండి. తర్వాత వేవ్‌మేకర్ (నీళ్లను అలలుగా కదిలించే పరికరం), పంపు ఆపి, గీకిన చెత్త కిందికి దిగేదాకా ఆగండి. పంపు మళ్లీ వేయాలని ఫోనులో అలారం పెట్టుకోండి, వీడియో మోజులో చేపల సంగతి మరచిపోవడం మామూలే.

అంచుల్లో రంగులు విడిపోతే, ఒకవైపు సాగినట్టుంటే

గాజుకు ఏటవాలుగా తీస్తున్నారు. నీళ్ల నుంచి గాలిలోకి వచ్చే వెలుతురు వంపు తిరుగుతుంది. ఏటవాలుగా వస్తే ఒక్కో రంగు ఒక్కో మేర వంగి అంచులు చెదురుతాయి. కెమెరా తిన్నగా ఉందో లేదో తెలుసుకోవడానికి గాజులో మీ లెన్సు ప్రతిబింబం చూడండి. అది ఫ్రేము నడిమధ్యలో ఉంటే సరే. వంపు గాజు ట్యాంకు మూల దగ్గర మాత్రం ఏ ఉపాయమూ పనిచేయదు, అక్కడ తీయకండి.

ఒక క్షణం స్పష్టం, మరుక్షణం మసక

జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పాలిప్ (పగడంలోని ఒక్కో చిన్న జీవి) నోరు చక్కగా కనిపిస్తుంది, అంతలో మసకబారుతుంది, మళ్లీ తేటపడుతుంది. చూసిన ప్రతివాళ్లూ ఆటోఫోకస్ తడబడుతోందని తేల్చేస్తారు. దుకాణదారుడూ అదే చెబుతాడు, ఆయన దగ్గర అమ్మడానికి కొత్త కెమెరా ఉంది మరి.

ఆటోఫోకస్ ఆపేయండి. ఫోకస్ రింగు ఒకచోట ఉంచి, చేత్తో పట్టుకునే కాసేపు తీయండి. మసక వచ్చి పోతూనే ఉందా? అయితే ఆటోఫోకస్ నిర్దోషి. ఊగుతున్నది మీరు.

ఎంత కదలకుండా నిలబడ్డాననుకున్నా మనిషి ముందుకూ వెనక్కూ కాస్త ఊగుతూనే ఉంటాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా మోచేతులూ కదులుతాయి. మామూలు వీడియోలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 1:1 (అంటే జీవి సెన్సరు మీద అసలు సైజులోనే పడే) దగ్గర అపెర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/8 దాకా మూసినా స్పష్టంగా ఉండే మందం దాదాపు 1 మిల్లీమీటరే. నీళ్లలో కాబట్టి పిసరంత ఎక్కువ. మీ ఊగుడు అంతకంటే పెద్దది.

"కెమెరా కదలికను సరిచేసే ఐదు యాక్సిస్‌ల (దిశల) స్టెబిలైజేషన్ ఉంది కదా?" ఉంది. ఆ ఐదూ ఏమిటో లెక్కపెట్టండి: పైకీ కిందికీ వంగడం, పక్కలకు తిరగడం, ఇరుసు మీద దొర్లడం, అడ్డంగా జరగడం, నిలువుగా జరగడం. ముందుకూ వెనక్కూ జరగడం అందులో లేదు. కెనాన్ 2009లో తెచ్చిన 100 మి.మీ. ఎల్ మాక్రోలోని హైబ్రిడ్ స్టెబిలైజర్ వంపుతోపాటు జరుగుడునూ సరిచేస్తుంది, అదీ ఈ దిశ జోలికి పోదు.

ఇదివరకే తీసిన వీడియో ఉంటే ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. ఊగుడైతే, స్పష్టమైన చోటు జంతువు మీద పాకుతూ పోతుంది. కెమెరా వైపు తిరిగిన సెక్సీ ష్రింప్ అనే చిన్న రొయ్యకు ముందు కన్ను తేటగా ఉంటుంది, తర్వాత వీపు, తర్వాత ఎత్తి ఆడించే తోక మీది తెల్ల మచ్చ, మళ్లీ కన్ను. ఎప్పుడూ ఏదో ఒక భాగం తేటగానే ఉంటుంది. నిజంగా ఆటోఫోకస్ తడబాటైతే ఫ్రేములో ఏదీ తేటగా లేని క్షణాలు వస్తాయి. చాలా లెన్సుల్లో బొమ్మ కాస్త పెద్దదై చిన్నదవుతుంది కూడా.

మందు చవకైనదే. లెన్సు ముందు మడతపడే రబ్బరు హుడ్ (గొట్టంలాంటి తొడుగు) బిగించి గాజుకు తేలిగ్గా ఆనించండి. గాజుకూ లెన్సుకూ మధ్య దూరం ఇక మారదు. కెమెరా దానంతటదే తిన్నగా నిలుస్తుంది, గదిలోని ప్రతిబింబాలూ పోతాయి. గట్టిగా నొక్కితే రబ్బరు కుదించుకుపోయి కథ మళ్లీ మొదటికొస్తుంది, ఆన్చడం వరకే. పంపు నడుస్తుంటే దాని అదురు గాజు గుండా కెమెరాలోకి వస్తుంది. ముందే ఆపమన్నది ఇందుకు కూడా.

హుడ్ ఆనించాక దూరం మీ చేతిలో ఉండదు, ఆ దూరంలో దొరికే జీవులనే తీయాలి. లెక్క ఇలా ఉంటుంది. 1:1 దగ్గర లెన్సు ముందుభాగం నుంచి ఫోకస్ దూరం సుమారు 14 సెం.మీ. అనుకుందాం. హుడ్‌కు 5 పోతే మిగిలింది 9. నీళ్లు వస్తువును దగ్గరగా చూపిస్తాయి కాబట్టి ఆ 9 నిజానికి గాజు వెనక 12 సెం.మీ. లోతు. చిన్న ట్యాంకులో అది సరిగ్గా మధ్య రాయి ఉండే చోటు. జీవి అంతకంటే దగ్గరుంటే హుడ్ మడిచి, ఎడమచేతి రెండు వేళ్లను గాజుకు ఆనించి, లెన్సును ఆ చేతి మీద నిలపండి. ష్రింప్ వెంట పరుగెత్తకండి. రింగును వదిలేసి, అది నడిచి వచ్చే రాతి అంచు మీద ఫోకస్ పెట్టి కాచుకోండి.

స్టూలు మీద కూర్చుని మోచేతులు మోకాళ్లకు ఆనించండి. ట్యాంకు స్టాండుకు మాత్రం ఒరగకండి, నీళ్లు కదిలి ష్రింప్ రాయి వెనక్కి పోతుంది. ఇంకా చాలకపోతే సగం సైజుకు, అంటే 1:2కు దిగండి. అదే ఎఫ్/8 దగ్గర మందం 1 నుంచి దాదాపు 3 మి.మీ. అవుతుంది. 4కేలో తీసి ఫుల్ హెచ్‌డీకి కత్తిరిస్తే సైజు తిరిగి వస్తుంది. కత్తిరించినప్పుడు మసక కూడా పెద్దదవుతుంది కాబట్టి లాభం మూడింతలు ఉండదు, అయినా ఎంతో కొంత మిగులుతుంది. అపెర్చర్‌ను ఎఫ్/16 దాకా మూసేయడం దారి కాదు. 1:1 దగ్గర అది ఎఫ్/32లా పనిచేసి బొమ్మ మొత్తాన్ని మెత్తబరుస్తుంది.

అడ్డంగా చారలు పాకుతుంటే

మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్‌ను 1/50 లేదా 1/100కు మారిస్తే మామూలు లైట్ల చారలు పోతాయి. రీఫ్ ఎల్‌ఈడీలు చాలావరకు వెలుతురు తగ్గించడానికి తమను తామే వేగంగా ఆర్పి వెలిగించుకుంటాయి, వాటికి ఈ మందు పనిచేయకపోవచ్చు. వీడియో తీసేంతసేపు లైటు ఛానళ్లను (ఒక్కో రంగు ఎల్‌ఈడీల వరుసను) నూరు శాతానికి పెంచండి. మరీ ఎక్కువైతే లైటును పైకి జరపండి.

అంతా నీలంగా ఉంటే

వైట్ బ్యాలెన్స్‌ను ఎంత తిప్పినా రాయల్ బ్లూ వెలుతురును కెమెరా సరిచేయలేదు, చాలా కెమెరాలు 10,000 కెల్విన్ దగ్గర ఆగిపోతాయి. తెల్ల ఛానల్ పెంచండి, లేదా లెన్సు ముందు పసుపో నారింజో ఫిల్టరు పెట్టండి. ఎడిటింగులో చూసుకుందామంటే, వీడియోలోని నీలం ఛానల్ అప్పటికే నిండిపోయి పాలిప్ గీతలు చెరిగిపోయి ఉంటాయి.

ఫోనులో బొమ్మ ఉన్నట్టుండి గెంతితే

ఫోను తనంతట తానే లెన్సు మారుస్తోంది. ఐఫోన్ 13 ప్రోతో మొదలుపెట్టి ప్రో మోడళ్లు దగ్గరికి వెళ్లగానే అల్ట్రావైడ్ (మరీ వెడల్పుగా చూపే) లెన్సుకు మారతాయి. సెట్టింగులలో మాక్రో కంట్రోల్ ఆన్ చేసి, తీసే ముందే ఏదో ఒక లెన్సు ఖాయం చేయండి.

పాత మాన్యువల్ లెన్సు తగిలించినప్పుడు బొమ్మ జెల్లీలా వణికితే, స్టెబిలైజర్‌కు ఫోకల్ లెంగ్త్ (లెన్సు మీది మి.మీ. అంకె) తప్పుగా ఇచ్చారు, సరిచేయండి. లెన్సులో గాజు కదిలిపోవడం, ఫర్మ్‌వేర్ లోపం, సెన్సరు వేడెక్కడం లాంటివి లేవని అనను. కానీ హుడ్‌ను గాజుకు ఆనించి చూడకుండా సర్వీసు సెంటరుకు వెళ్లేవాళ్లకు నేనిచ్చే సలహా ఏమీ లేదు.