వడ్లగింజకు ఎమ్మారై తీయాలంటే

మాది బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లె. నేను పనిచేసే ల్యాబులో 9.4 టెస్లా (అయస్కాంతం బలం) మైక్రో ఇమేజింగ్ మెషీను, అంటే చిన్నచిన్న వస్తువులకు తీసే ఎమ్మారై ఉంది. కొత్తగా చేరిన పిల్లలకు ఇంటి నుంచి తెచ్చుకున్న మొలగొలుకుల వడ్లతోనే పని నేర్పిస్తాను.

ఎండు గింజ పెడితే తెర నల్లగానే ఉంటుంది. మెషీనుకు ముఖ్యంగా కనబడేది నీళ్లలోని హైడ్రోజన్. ఎండుగింజలో ఉన్న కాస్త తేమా పిండిని పట్టుకుని ఉంటుంది, దాని సిగ్నల్ మనం అందుకునేలోపే ఆరిపోతుంది. అందుకని మా నాయన నారుకు చేసినట్టే చేయండి. ఉప్పునీళ్లలో పోసి తేలిన తాలు తీసేసి, కడిగి, రాత్రంతా నానబెట్టండి. మొలక రావడానికి మండె కట్టే పని లేదు.

అసలు తిప్పలు గాలితో. నా మొదటి బొమ్మలో గింజ చుట్టూ నల్లటి బొక్కలు కనబడితే పురుగు పట్టిందనుకుని సంచి మొత్తం ఎండలో పోయించాను. తీరా చూస్తే పొట్టు కింద ఇరుక్కున్న గాలిబుడగలు! గాలికీ నీటికీ అయస్కాంత గుణం వేరు కాబట్టి, ఆ రెండూ కలిసేచోట బొమ్మ చెదిరిపోతుంది. పొట్టు వలిచేయండి. 5 మిల్లీమీటర్ల గాజు ట్యూబులో గింజను నిలబెట్టి, ఫాంబ్లిన్ నూనె పోసి, కాసేపు వాక్యూమ్‌లో ఉంచండి. ఆ నూనెలో హైడ్రోజన్ లేదు, బొమ్మలో పడదు, గింజనూ ఆరనివ్వదు. గింజ కదలకుండా టెఫ్లాన్ ముక్క పెట్టండి. దూది వద్దు, తడి పీల్చి అదీ బొమ్మలోకి వస్తుంది.

ట్యూబును మెషీన్లోకి దించాక ట్యూనింగ్ (కాయిల్‌ను సిగ్నల్ ఫ్రీక్వెన్సీకి సరిచేయడం), షిమ్మింగ్ (అయస్కాంత క్షేత్రాన్ని అంతటా ఒకేలా సరిచేయడం) మామూలే. ముందు చిన్న స్కాన్‌తో గింజ ఎక్కడుందో చూసుకుని, స్పిన్ ఎకో అనే స్కాన్ పద్ధతి పెట్టండి. ఎకో టైమ్, అంటే సిగ్నల్ పుట్టించాక దాన్ని అందుకునేదాకా పట్టే సమయం, వీలైనంత తక్కువ ఉండాలి. బొమ్మలో ఒక్కో చుక్క 40 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉండేలా మొదలుపెట్టండి. 20కి పోదామని అందరికీ ఆశే. కానీ చుక్కను మూడు వైపులా సగం చేస్తే సిగ్నల్ 8వ వంతుకు పడిపోతుంది, అంతే స్పష్టత కావాలంటే 64 రెట్లు సేపు తీయాలి. గంట స్కాన్ కాస్తా రెండున్నర రోజులు దాటుతుంది. ఆ లోపల గింజ మొలకెత్తినా ఎత్తుతుంది.

2, 6, 12 గంటలు నానిన గింజలను వరసగా తీసి చూడండి. నీళ్లు చేరిన చోట కనబడే తెలుపు మొదట మొలక ఉండే కొసలో కనబడి, తర్వాత లోపలికి పాకుతుంది. ఫోనులో ఈ బొమ్మలు చూపిస్తే మా నాయన, "ముక్కు కాడే గదరా ముందు పగిలేది, దీనికి మెషీనెందుకు?" అన్నాడు.