నిట్‌పికింగా, స్ప్లిటింగ్ హెయిర్సా? ఏది ఎక్కడ వాడాలి

అనువాదాలు దిద్దేటప్పుడు నేను ఎక్కువసార్లు కొట్టేసి రాసే మాటలివి. ముందు చూడాల్సింది, గొడవ తప్పు గురించా, తేడా గురించా అని. నిట్ అంటే ఈపి, పేను గుడ్డు. ఎదుటివాళ్ల పనిలో చిన్న చిన్న తప్పులు ఏరుతుంటే నిట్‌పికింగ్. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం దీనికి దగ్గరే, కానీ అక్కడ లేని తప్పు వెతుకుతారు. ఇక్కడ తప్పు నిజంగానే ఉండొచ్చు. "ఆలస్యం కాలేదు, కాస్త వెనకబడ్డామంతే" అని పట్టించుకోనక్కర్లేని సన్నటి తేడా కోసం వాదిస్తే అది స్ప్లిటింగ్ హెయిర్స్. నియమాలు పట్టుకుని వేలాడితే పెడాంటిక్. ఏదీ ఓ పట్టాన నచ్చకపోతే ఫస్సీ. మెటిక్యులస్ మాత్రం మెచ్చుకోలు. దాని లాటిన్ మూలానికి అర్థం భయమే అయినా, శ్రద్ధగా పనిచేసేవాళ్లకు ఈరోజు ధైర్యంగా వాడండి.