కాంగ్ గేట్‌వేలో 404: నేను సరిచేసిన తీరు

మా ఆఫీసు విశాఖ రుషికొండ ఐటీ హిల్ మీద. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం ధరలు చూపించే యాప్ మా చేతిలో ఉంది. దాని ఏపీఐని, అంటే యాప్ ధరలు అడిగే దారిని, కాంగ్ గేట్‌వే వెనక్కి మార్చాం. వచ్చిన రిక్వెస్టులను అందుకుని సరైన సర్వర్‌కి పంపేదే ఈ కాంగ్. మార్చగానే అన్నిటికీ 404, అంటే 'దొరకలేదు'. బ్యాకెండ్‌ని (ధరలిచ్చే మా సర్వర్‌ని) నేరుగా పిలిస్తే మాత్రం వంజరం, చందువ ధరలు శుభ్రంగా వస్తున్నాయి.

ముందు తేల్చుకోవాల్సింది ఆ 404 ఎవరిదని. రూటే (ఏ అడ్రస్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే నియమం) దొరక్కపోతే కాంగ్ 'నో రూట్ మ్యాచ్‌డ్ విత్ దోజ్ వాల్యూస్' అంటుంది. మాకొచ్చింది అది కాదు. కర్ల్ అనే కమాండ్‌తో హెడర్లు (జవాబుతో పాటు వచ్చే వివరాలు) కూడా తెప్పించి చూస్తే 'ఎక్స్-కాంగ్-అప్‌స్ట్రీమ్-లేటెన్సీ' కనిపించింది. బ్యాకెండ్ జవాబు కోసం కాంగ్ ఎంతసేపు ఆగిందో చెప్పేది అదే. అంటే రిక్వెస్ట్ గేటు దాటింది, తిరగ్గొట్టింది బ్యాకెండే. దాని లాగ్ తెరిస్తే గుట్టు బయటపడింది: మేం పంపింది '/ప్రైసెస్/టుడే', అక్కడికి చేరింది ఉత్త '/టుడే'.

రూట్‌లో 'స్ట్రిప్ పాత్' మామూలుగా 'ట్రూ'గానే ఉంటుంది. రూట్‌కి సరిపోయిన ముందు భాగాన్ని కోసేసి మిగతాదే పంపుతుంది. 'ఫాల్స్' చేశాను, ధరలు వచ్చేశాయి. కాంగ్‌లో బ్యాకెండ్ అడ్రస్ ఉండే సర్వీస్ యూఆర్ఎల్ చివర '/ప్రైసెస్' తగిలించినా పనవుతుంది గానీ, తర్వాత చూసేవాడికి తలనొప్పి.

"మరి వెర్షన్ 2 వస్తేనో?" అన్నారు టీమ్ లీడ్ గారు. దానికి వేరే రూట్ వేస్తానండీ అన్నాను.