ఘాట్‌లోనే లారీ వేడెక్కుతోందా? ఫ్యాను క్లచ్ చూడండి

సమస్య
హైవే మీద అరవైలో పోతున్నంతసేపూ టెంపరేచర్ ముల్లు కదలదు. సాలూరు దాటి లోడుతో ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే పైకి పాకుతుంది.

వేగంలో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. రెండో గేరులో ఎక్కేటప్పుడు ఆ భారమంతా ఫ్యానుదే. చదును దారిలోనూ వేడెక్కుతుంటే ముందు కూలెంటు, బెల్టు, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంటును రేడియేటర్‌కు వదిలే వాల్వు) చూసుకోండి. థర్మోస్టాట్ పీకి పారేసి బండి నడిపేవాళ్లున్నారు; అది వైద్యం కాదు, ఇంజన్ తగిన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది.

కారణం
చాలా లారీల్లో ఫ్యానును తిప్పేది సిలికాన్ నూనె ఉన్న క్లచ్. రేడియేటర్ నుంచి వేడిగాలి తగిలితే దాని ముఖాన ఉన్న లోహపు పట్టీ వంగి లోపలి వాల్వు తెరుచుకుంటుంది. నూనె లోపలికి చేరి ఫ్యానును పట్టుకుంటుంది. నూనె కారిపోతే పట్టు పోతుంది.

ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, చల్లారాక రెక్కను చేత్తో తోయండి. కాస్త బిగువుగా కదిలి ఆగాలి. సైకిలు చక్రంలా గిరగిరా తిరిగిందంటే క్లచ్ పోయినట్టే. ముఖాన దుమ్ము పట్టిన జిడ్డు చారలు కూడా అదే చెబుతాయి. రెక్క ముందుకూ వెనక్కూ ఊగితే బేరింగు అరిగింది. పొద్దున స్టార్టు చేయగానే కాసేపు ఫ్యాను హోరు మామూలే. రోజంతా ఆగకపోతే క్లచ్ బిగుసుకుపోయింది. వైరు ఉన్న కొత్త రకం క్లచ్‌కు ఈ చేతి పరీక్ష చాలదు, సాకెట్టు, సెన్సరు కూడా చూడాలి.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఇంటర్‌కూలర్‌కూ (టర్బో గాలిని చల్లబరిచేది) రేడియేటర్‌కూ మధ్య టార్చి వేసి చూడండి. గడ్డి, పొట్టు మేటవేసి ఉంటే అది దులిపితేనే కొన్ని బండ్లు బాగుపడతాయి.

పరిష్కారం
బ్యాటరీ వైరు తీసేయండి. రేడియేటర్‌కు అడ్డంగా అట్టముక్క పెట్టండి; స్పానర్ జారితే చిల్లు పడేది అక్కడే. ఫ్యాను చుట్టూ ఉన్న కవరు విప్పి, క్లచ్‌తో ఉన్న ఫ్యానునూ కవరునూ కలిపి బయటికి తీయండి. కొన్ని ఇంజన్లలో మధ్య నట్టుకు ఎడమ మర ఉంటుంది (మామూలుకు ఎదురు దిక్కులో విప్పాలి), మాన్యువల్ చూడకుండా బలం ప్రయోగించకండి. వాటర్ పంపు ఇరుసు ఊగుతోందేమో కూడా ఇప్పుడే చూడాలి.

కొత్త క్లచ్‌ను పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి, లేకపోతే నూనె కారే ప్రమాదం ఉంది. ఒక్క రెక్క విరిగినా ఫ్యాను మొత్తం మార్చాలి; తూకం తప్పిన ఫ్యాను పంపు బేరింగును తినేస్తుంది. ఫ్యానుకు ముందువైపు ఏదన్నది గుర్తును బట్టి చూసుకుని, బోల్టులు ఎదురెదురుగా బిగించండి. స్టార్టు చేసేముందు చేత్తో ఒక చుట్టు తిప్పి, రెక్క ఎక్కడా కవరుకు తగలడం లేదని చూసుకోండి. ఘాట్‌లో ముల్లు కాస్త లేవగానే హోరు మొదలై, ముల్లు దిగాక తగ్గితే పని సరిగా జరిగినట్టే.