మెడికేర్‌లో డాక్టరు ఫీజు లెక్క: కోడింగ్ నేర్చుకునేవాళ్లకు

భీమవరం, అమలాపురం నుంచి మెడికల్ కోడింగ్‌లోకి (వైద్య సేవలకు బిల్లు కోడ్‌లు వేసే పని) వెళ్లేవాళ్లకు కోడ్ వేయడం బాగానే వస్తుంది. ఆ కోడ్‌కి అంత డబ్బే ఎందుకొచ్చిందంటే మాత్రం తడబడతారు. ఏఆర్ కాలింగ్‌లో, అంటే రావాల్సిన బిల్లు డబ్బు కోసం బీమా కంపెనీలకు ఫోన్ చేసే పనిలో, రోజూ ఎదురయ్యే ప్రశ్న అదే.

అమెరికాలో ముఖ్యంగా పెద్దవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్. అది 1992 నుంచి డాక్టరు చేసే ప్రతి సేవనూ ఆర్‌వీయూలనే పాయింట్లతో తూస్తోంది. డాక్టరు పనికి కొన్ని, క్లినిక్ ఖర్చుకి కొన్ని, మాల్‌ప్రాక్టీసు (వైద్యంలో పొరపాటు) బీమాకి కొన్ని. ఈ మూడింటికీ ప్రాంతాన్ని బట్టి మూడు వేర్వేరు జీపీసీఐలు (ప్రాంతం ఖర్చును బట్టి సరిచేసే అంకెలు) ఉంటాయి. భీమవరం మెయిన్‌రోడ్డు మీద అద్దె, లంక ఊళ్లో అద్దె ఒకటి కాదుగా! ముందు ఏ పాయింట్లను ఆ పాయింట్ల జీపీసీఐతో గుణించి, ఆ తర్వాతే మూడూ కలపాలి. వచ్చినదాన్ని కన్వర్షన్ ఫ్యాక్టర్‌తో (ఒక్కో పాయింటుకి ఇచ్చే డాలర్లు) గుణిస్తే డాలర్లు.

99213 కోడ్ (పాత పేషెంటు క్లినిక్ విజిట్) తీసుకుందాం. పని పాయింట్లు 1.30. మిగతా అంకెలు లెక్క కోసం అనుకున్నవే: ఖర్చు 1.40, బీమా 0.10, జీపీసీఐలు వరసగా 1.00, 0.90, 0.60. అంటే 1.30 + 1.26 + 0.06 = 2.62. 2025 ఫ్యాక్టర్ 32.3465 కాబట్టి 84.75 డాలర్లు. జీపీసీఐ మర్చిపోయి నేరుగా 2.80తో గుణిస్తే 90.57 వస్తుంది. అప్పుడు మెడికేర్ తక్కువిచ్చిందని అనవసరంగా అప్పీలు పెడతారు.

ఈ 84.75 మొత్తం మెడికేర్ ఇవ్వదు. డిడక్టిబుల్ (ఏటా ముందుగా పేషెంటే కట్టాల్సిన మొత్తం) తీరిపోయి ఉంటే 80 శాతం, అంటే 67.80 దానిది, 16.95 పేషెంటుది. ఆ 67.80లోనూ సీక్వెస్ట్రేషన్ (ప్రభుత్వ ఖర్చుల కోత) పేరుతో 2 శాతం కోసి 66.44 పంపుతుంది. ఆ కోతను పేషెంటు మీద వేయకూడదు.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు ప్లేస్ ఆఫ్ సర్వీస్‌లో, అంటే సేవ ఎక్కడ చేశారో చెప్పే కోడ్‌లో, జరుగుతుంది. డాక్టరు సొంత క్లినిక్‌కి 11, ఆసుపత్రి ప్రాంగణంలోని అవుట్‌పేషెంట్ విభాగానికి 22. ఆసుపత్రిలో అద్దె, నర్సుల జీతం ఆసుపత్రే భరిస్తుంది, దానికి విడిగా బిల్లు చేసుకుంటుంది. అందుకే అక్కడ డాక్టరు ఖర్చు పాయింట్లు సాధారణంగా తగ్గుతాయి. 22 వేయాల్సినచోట 11 వేస్తే ఎక్కువ డబ్బొస్తుంది, ఆడిట్‌లో దొరికాక తిరిగి కట్టాలి.

ఫ్యాక్టర్ ఏటా మారుతుంది, 2024లోనైతే మార్చిలో మధ్యలోనే మార్చారు. కాబట్టి సేవ చేసిన తేదీ చూడాలి, క్లెయిమ్ పంపిన తేదీ కాదు. 2026 నుంచి ఫ్యాక్టర్లు రెండు: మెడికేర్ ప్రత్యామ్నాయ చెల్లింపు పద్ధతుల్లో (ఏపీఎం) అర్హత పొందిన డాక్టర్లకు ఒకటి, మిగతావాళ్లకు ఒకటి. డాక్టరు ఏ కోవలోకొస్తారో ముందే కనుక్కోండి.

ప్రైవేటు బీమా కంపెనీలు మెడికేర్ రేటులో ఇంత శాతమని ఒప్పందం రాసుకోవడం మామూలే. అందులో ఏ సంవత్సరం రేటని రాశారో చూడకుండా లెక్క మొదలుపెట్టకండి.