మ్యూజియంలో కలంకారీ నేర్పాలంటే రెండు ఆదివారాలు

జిల్లా మ్యూజియంలోనో ఊళ్లోని ఆర్ట్ గ్యాలరీలోనో కలంకారీ వర్క్‌షాప్ పెట్టాలనుకున్నప్పుడు చాలామంది దాన్ని మూడు గంటల్లో ముగించేస్తారు. ముందే అచ్చు వేసిన బొమ్మ, ఫ్యాబ్రిక్ పెయింట్ డబ్బాలు, బ్రష్‌లు చేతికిచ్చి రంగులు నింపిస్తారు. వచ్చినవాళ్లకు కాలక్షేపమవుతుంది కానీ కలంకారీ మాత్రం పరిచయం కాదు. ఈ కళలో అసలు పని బట్టలోనే రంగు పుట్టించడం. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప నీళ్లతో గీస్తే గీత చూస్తుండగానే నల్లబడుతుంది. పటిక పూసిన చోట ఎరుపు గట్టిగా పడుతుంది, పక్కన పడదు. ఈ రెండూ సొంత చేత్తో చేస్తేనే అద్దాల వెనకున్న పాత బట్ట అర్థమవుతుంది. పటిక బట్టకు పట్టుకోవడానికి ఎలాగూ వ్యవధి కావాలి కాబట్టి మొదటి ఆదివారం నలుపు, పటిక. రెండో ఆదివారం ఎరుపు పెట్టుకోండి. కింద చెప్పే లెక్కలు వెదురు కలంతో చేత్తో గీసే శ్రీకాళహస్తి పద్ధతికి, 20 మందికి సరిపోతాయి. వయసు పన్నెండు దాటినవాళ్లనే తీసుకోండి.

ముందు తేదీ సంగతి. అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం మే 18న వస్తుంది కదా అని ఆ రోజే పెట్టేస్తుంటారు. మన ఎండలకు కలం మొనలోనే నీరు ఆరిపోయి గీత తెగిపోతుంది, పాలు పట్టించిన బట్ట వాసన కొడుతుంది. ప్రపంచ వారసత్వ వారం నవంబరు 19 నుంచి 25 వరకు. తెలంగాణలో అది బాగానే నడుస్తుంది కానీ నెల్లూరు, తిరుపతి వైపు అవి వాన రోజులు, బట్ట ఆరదు. రెండు రాష్ట్రాలకూ అనువైనవి జనవరి, ఫిబ్రవరి నెలలు.

మొదట మొదలుపెట్టాల్సింది నలుపు, అంటే ఇనుప నీళ్లు, ఎందుకంటే దానికి మూడు వారాలు పడుతుంది. మట్టికుండలో గానీ ప్లాస్టిక్ బకెట్లో గానీ 2 లీటర్ల నీళ్లు పోసి, 200 గ్రాముల బెల్లం కరిగించి, 300 గ్రాముల తుప్పు పట్టిన మేకులు వేయండి. మెరిసే జింకు పూత మేకులు పనికిరావు, వాటిలో ఇనుము బయటికి రాదు. పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికే మామూలు మేకులే కావాలి. బెల్లం పులిసేటప్పుడు గ్యాస్ వస్తుంది కనుక మూత బిగించకుండా గుడ్డ కట్టి నీడలో ఉంచండి. రెండు మూడు రోజులకోసారి కర్రతో కలపండి. పదిహేనో రోజు నుంచి పరీక్షించొచ్చు: కరక్కాయ పట్టించిన గుడ్డపేలిక మీద ఒక చుక్క వేస్తే నిమిషంలోపు ముదురు నలుపుకు తిరగాలి. బూడిద రంగులోనే ఆగిపోతే ఇంకో వారం ఉంచండి. తయారయ్యాక పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. 20 మందికి అర లీటరు చాలు.

బట్ట పని చివరి వారంలో. 48 అంగుళాల పన్నా ఉన్న, బ్లీచ్ చేయని గాడా నూలు బట్ట 3 మీటర్లు తీసుకోండి. కొత్త బట్టలో ఉండే గంజి పోయేదాకా ఉడకబెట్టి ఉతికి ఆరేయండి. ఉతికాక ఇది కుంచించుకుపోతుంది, కాబట్టి 12 అంగుళాల ముక్కలకు లెక్క వేసుకుంటే చివరి ముక్క చాలదు. 11 అంగుళాల చదరాలు అనుకోండి. వరుసకు నాలుగు చొప్పున 24 చదరాలు, మిగిలిన బట్టలో అభ్యాసానికి పేలికలు వస్తాయి. ముక్కలు ఇప్పుడే కోయకండి, పాలు పట్టించి ఆరాక కోయండి. 120 గ్రాముల కరక్కాయ పొడిని లీటరున్నర నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకట్టి, లీటరు కాచని చిక్కటి గేదెపాలు కలపండి. బట్ట మొత్తం ఒకేసారి ముంచి 20 నిమిషాలు పిసుకుతూ ఉండండి. సమంగా పిండి, మడత పడకుండా ఎండలో ఆరేయండి. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నలుపవుతుంది. పాలలోని వెన్న గీత పక్కలకు పాకకుండా ఆపుతుంది. డబ్బు మిగులుతుందని ప్యాకెట్ టోన్డ్ పాలు వాడితే గీతలు ఈకల్లా విచ్చుకుంటాయి. పాలు పట్టిన బట్టను చీమలు, పురుగులు పట్టుకుంటాయి, వర్క్‌షాప్‌కు నాలుగైదు రోజుల ముందు చేస్తే చాలు.

నీళ్ల విషయంలో ఒక జాగ్రత్త. కొన్ని ఊళ్లలో బోరు నీళ్లలో ఇనుము ఎక్కువ. ఆ నీళ్లతో కరక్కాయ కలిపితే బట్ట మొత్తం మాసిన బూడిద రంగుకు వస్తుంది, మళ్లీ పోదు. ముందు ఒక గ్లాసు నీళ్లలో చిటికెడు కరక్కాయ పొడి కలిపి చూడండి. నల్లగా తిరిగితే ఆ నీళ్లు వద్దు, క్యాన్ నీళ్లు తెప్పించండి. ఇనుప బకెట్లూ వద్దు.

కలాలు కళాకారుడి చేత చేయిస్తే మేలు. మీరే చేసుకోవాలంటే పెన్సిల్ లావు వెదురు పుల్లను ఏడంగుళాలకు కోసి ఒక కొస సన్నగా చెక్కండి. మొనకు అంగుళం పైన ఉన్ని గుడ్డ బొటనవేలంత లావుగా చుట్టి నూలు దారంతో బిగించండి. ఆ ఉన్ని నీటిని పట్టి ఉంచుతుంది, వేలితో నొక్కితే మొనకు దిగుతుంది. మనిషికి రెండు కావాలి. నలుపుకు సన్నమొన కలం, పటికకు మొద్దుమొన కలం. పటిక కలాలకు రంగు దారం కట్టి వేరుగా పెట్టండి. నలుపు తగిలిన కలంతో పటిక పూస్తే రెండో ఆదివారం అక్కడ ఎరుపుకు బదులు గోధుమ ఊదా వస్తుంది. అప్పటికి సరిదిద్దే వీలుండదు. బొమ్మ వేయడానికి చింతపుల్లల బొగ్గు కావాలి. ఎండు పుల్లలను చిన్న బెజ్జం పెట్టిన రేకు డబ్బాలో మూసి, పొగ ఆగేదాకా కాల్చి, డబ్బా పూర్తిగా చల్లారాకే తెరవండి. వేడి మీద తెరిస్తే బూడిదే మిగులుతుంది. బట్ట మీద పెన్సిల్ వాడనివ్వకండి, అది ఉతికినా పోదు. బొగ్గు గుడ్డతో దులిపితే పోతుంది.

పది పన్నెండు మందికి ఒక కళాకారుడు ఉండాలి, అంటే 20 మందికి ఇద్దరు. వాళ్లను పక్కన కూర్చోబెట్టి క్యూరేటరే మైకు పట్టుకోవడం మర్యాద కాదు, ఉపయోగమూ లేదు. గీత గురించి వాళ్లనే చెప్పనివ్వండి. రోజుకూలి, ప్రయాణ ఖర్చులు, బస ముందే మాట్లాడుకుని, ఏ రోజు డబ్బు ఆ రోజే ఇవ్వండి. వాళ్ల పని అమ్ముకోవడానికి బల్ల ఇస్తుంటే మ్యూజియం అనుమతి ముందే రాయించుకోండి. శ్రీకాళహస్తి కలంకారీకి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. స్క్రీన్ ప్రింటు చీరలు ఆ పేరుతో ఆ బల్ల మీదికి రానివ్వకండి.

పని ఎప్పుడూ గ్యాలరీలో పెట్టకండి. పాలు, తడి, ఇనుప నీళ్లు ఏవీ సేకరణల దగ్గర ఉండకూడదు. వరండా మంచిది. పాత భవనాల్లో షాబాద్, కడప రాళ్ల నేల ఉంటుంది. ఇనుప నలుపు దాని మీద ఒలికితే మరక ఉండిపోతుంది, ముందు మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి అంచులు టేపుతో అంటించండి. సగం మందికి కింద చాపలు, పీటబల్లలు, మిగతావాళ్లకు కుర్చీలు, ఎత్తు బల్లలు వేయండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నేల మీద కూర్చోవాలంటే రెండోసారి రారు. ప్రతి బల్ల మీదా నాలుగు మడతల దుప్పటి గుడ్డ పరవండి, గట్టి చెక్క మీద గీత సాగదు.

మొదటి ఆదివారం ఉదయం పదింటికి గ్యాలరీతో మొదలుపెట్టండి. బట్టలకు 50 లక్స్‌కు మించి వెలుతురు పెట్టరు, ఎండలోంచి వచ్చిన కళ్లకు మొదట ఏమీ కనపడదు. ఐదు నిమిషాలు అక్కడే కూర్చోబెట్టండి. తర్వాత ఒక్క వస్తువు దగ్గరే ఆగండి. హాలంతా తిప్పితే ఏదీ గుర్తుండదు. నల్ల గీతను వెతకమనండి: కలం ముంచిన వెంటనే వేసిన చోట గీత లావుగా ఉంటుంది, పోనుపోను సన్నబడి, మళ్లీ లావవుతుంది. ఆ లావు సన్నాలను బట్టి కళాకారుడు ఎక్కడెక్కడ ఆగాడో చెప్పొచ్చు. పాత బట్టల్లో కొన్నిచోట్ల నల్ల గీత ఉన్నంత మేరా బట్ట చిల్లులు పడి, ఎర్ర భాగం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇనుమే నూలును తినేస్తుంది. నలుపు మరీ చిక్కగా పెట్టొద్దని మధ్యాహ్నం మీరు చెప్పేటప్పుడు ఈ చిల్లులు గుర్తుకొస్తాయి. గ్యాలరీలో పెన్సిళ్లే ఇవ్వండి, ఫ్లాష్ వద్దు.

పదకొండుకు వరండాలోకి. ముందు పేలికల మీద గంటసేపు గీతలే గీయించండి: నిలువు, అడ్డం, సున్నాలు, తర్వాత ఆకు, చేప. అభ్యాసం కాగితం మీద పెట్టకండి, కాగితం మీద కలం నడక వేరు. కలం నిండా ముంచాక గిన్నె అంచుకు ఒకసారి ఒత్తి, తర్వాతే బట్ట మీద పెట్టాలి. మొదటి చుక్క ఎప్పుడూ పేలిక మీదే పడాలి. భోజనానికి ముందు చదరం మీద బొగ్గుతో బొమ్మ వేయించండి. ఒక్క మామిడి పిందె, ఒక్క నెమలి చాలు. భోజనం తర్వాత చేతులు సబ్బుతో కడిగించి, బొగ్గు గీతల మీద నల్ల కలంతో గీయించండి. నలుపు తగిలిన వేలితో బట్ట ముట్టుకుంటే వేలిముద్ర అలాగే పడిపోతుంది. ప్రతి చదరం మూలనా మనిషి నంబరు నల్ల కలంతోనే వేయించండి, పెన్నుతో రాసింది ఉతుకులో పోతుంది.

గీత పాకిపోతే బట్ట తడిగా ఉందా, కలం ఎక్కువ మునిగిందా చూడండి, రెండూ కాకపోతే పాలు పలుచనైనట్టే. గీత బూడిదగా ఉండిపోతే కరక్కాయ చాలలేదు. చుక్క పడితే వెంటనే దూదిపుల్లతో నిమ్మరసం అద్ది, రెండు నిమిషాలకు పొడిగుడ్డతో ఒత్తండి. పలచబడుతుంది, పూర్తిగా పోదు. దాన్ని ఒక ఆకుగానో పువ్వుగానో మార్చుకోవడం కళాకారుడు చూపిస్తారు.

మూడింటికి పటిక. లీటరు వేడినీళ్లలో 100 గ్రాములు కరిగించి చల్లార్చండి. పూసింది కనపడదు కాబట్టి కాస్త ఎరుపు రంగు నీళ్లు కలపండి. ఎరుపు కావాల్సిన చోట పలుచగా, అంచు దాటకుండా పూయాలి. చదరాలన్నీ తీగ మీద ఒకదానికొకటి తగలకుండా ఆరేసి, వారం పాటు మ్యూజియంలోనే ఉంచండి. ఇళ్లకు పంపితే సగం తిరిగి రావు.

రెండో ఆదివారం ముందుగా ఉతుకు. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి పారే నీటిలో ఉతికేవారు. కారణం ఉంది: అదనపు పటిక, ఇనుము నీటితో కొట్టుకుపోవాలి. బకెట్లో నానబెడితే అవి పక్క భాగాలకు అంటుకుంటాయి. కుళాయి పైపు కింద వాలు చెక్క పెట్టి ఒక్కో బట్టను పరిచి పట్టుకుని రెండు నిమిషాలు కడగమనండి. సబ్బు వద్దు.

ఎరుపుకు 200 గ్రాముల మంజిష్ఠ పొడిని ముందురోజు రాత్రే నానబెట్టి ఉంచండి. 10 లీటర్ల నీటితో స్టీలు గంగాళంలో ఇండక్షన్ పొయ్యి మీద పెట్టండి. అల్యూమినియం, ఇనుప గిన్నెలు రంగు మారుస్తాయి. బట్టలు వేసి, అరగంటలో నెమ్మదిగా వేడి పెంచి, 60 నుంచి 70 డిగ్రీల మధ్య ముప్పావు గంట ఉంచండి. మరిగితే ఎరుపు గోధుమలోకి పోతుంది. కర్రతో ఆపకుండా తిప్పుతుండాలి. బట్టలు ముద్దగా ఉంటే మచ్చలు పడతాయి, పన్నెండేసి చొప్పున రెండు విడతలు చేయండి, పొడి సగం సగం వాడి. పొయ్యి దగ్గర ఒక మనిషి కాపలా తప్పనిసరి. ఈ రోజు ఇంట్లోవాళ్లనూ పిలవండి: పటిక పూసిన చోట ఎరుపు తేలడం అందరూ చూడాల్సిందే. బట్టలో పటిక పూయని భాగం కూడా కాస్త గులాబీ పట్టుకుంటుంది. దాన్ని నాలుగైదు రోజులు నీళ్లు చిలకరిస్తూ ఎండలో ఆరేస్తే తెల్లబడుతుందని చీటీ మీద రాసి ప్రతివాళ్లకూ ఇవ్వండి. తర్వాత మొదటి రెండు ఉతుకులూ వేరే బట్టలతో కలపకుండా చేయాలని కూడా రాయండి.

కలాల ఉన్ని మంచినీళ్లతో పిండి ఆరబెట్టండి. మిగిలిన నలుపును ప్లాస్టిక్ సీసాలో మూత వదులుగా పెట్టి, తేదీ రాసి, పిల్లలకు అందని చోట ఉంచితే వచ్చే బృందానికి పరీక్ష చుక్క వేసి చూసుకుని వాడుకోవచ్చు.