ఎసెకిబో వివాదంపై వార్‌గేమ్ సినారియో తయారు చేయడం ఎలా?

గయానా చేతిలో ఉన్న ఎసెకిబో ప్రాంతం తనదేనంటుంది వెనిజులా. ఆ తగాదా మీద తయారైన వార్‌గేమ్ సినారియోలు, అంటే సంక్షోభాన్ని బల్ల మీద ఆడి చూసే ఆటకు రాసుకునే కథాక్రమాలు, చాలా చూశాను. దాదాపు అన్నీ ఒకే తీరు. వెనిజులా ట్యాంకులు సరిహద్దు దాటతాయి, ఆటలో నాలుగో వంతు (టర్న్) వచ్చేసరికి గయానా రాజధాని జార్జ్‌టౌన్ పడిపోతుంది. ఆ ట్యాంకులు ఏ దారిన వచ్చాయని అడిగితే జవాబుండదు. ఈ రెండు దేశాలను నేరుగా కలిపే రహదారే లేదు. అది తెలియకుండా పటం గీయడానికి కూర్చోవద్దు.

సరంజామా తక్కువే. ఒక పెద్ద చార్టు కాగితం, నలభై అట్ట బిళ్ళలు, రెండు పాచికలు, నాలుగు కవర్లు. వెనిజులా, గయానా, బ్రెజిల్, కరీబియన్ దేశాల కూటమి కారికామ్‌కు ఒక్కొక్కరు చొప్పున నలుగురు ఆటగాళ్ళు కావాలి. అమెరికానూ అంతర్జాతీయ న్యాయస్థానాన్నీ నిర్వాహకుడే నడపాలి. అమెరికాను ఆటగాడి చేతికిస్తే మిగతావాళ్ళంతా ప్రేక్షకులైపోతారు.

తరువాత తేదీని బిగించండి. నిన్నటి పత్రిక చూసి సినారియో మార్చుకుంటూ పోతే అది ఎప్పటికీ పూర్తి కాదు. నా సినారియో 2023 డిసెంబరు 4 ఉదయం మొదలవుతుంది. ముందురోజే వెనిజులాలో ఎసెకిబోపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అంతకు రెండు రోజుల ముందు, ఆ ప్రాంతంలో ఉన్న పరిస్థితిని మార్చవద్దని న్యాయస్థానం వెనిజులాను ఆదేశించింది. వంతుకు ఒక రోజు, మొత్తం పదకొండు వంతులు. ఎసెకిబోను చాలావరకు అప్పటి బ్రిటిష్ గయానాకు ఇచ్చిన 1899 నాటి మధ్యవర్తుల తీర్పు, వివాదాన్ని శాంతియుతంగా తేల్చుకోవాలన్న 1966 జెనీవా ఒప్పందం, 2015లో గయానా సముద్రంలో బయటపడిన చమురు, ఈ మూడింటినీ ఒక పేజీలో రాసి అందరికీ ఇవ్వండి. అంతకు మించి చరిత్ర వద్దు.

పటానికి షడ్భుజి గడులు వాడకూడదు. గడులు వేస్తే ఏ బిళ్ళయినా ఏ దిక్కుకైనా కదలవచ్చన్న భ్రమ కలుగుతుంది. ఊళ్ళను చుక్కలుగా పెట్టి, నిజంగా ఉన్న దారులను మాత్రమే గీతలుగా గీయండి. వెనిజులా వైపు చివరి ఊరు సాంతా ఎలేనా. అక్కడి నుంచి బ్రెజిల్ భూభాగంలోని పకరైమా, బోవా విస్తా, బొన్ఫిం మీదుగా తకుతు నది వంతెన దాటితే గయానాలోని లెథెం వస్తుంది. అక్కడి నుంచి లిండెన్ పట్టణం దాకా మట్టిబాట, మధ్యలో ఎసెకిబో నది. ఈ గీతలు గీసిన క్షణానే బ్రెజిల్ ఆటగాడికి పని దొరుకుతుంది. అతని అనుమతి లేనిదే రోడ్డు మీద ఎవరూ లెథెం చేరలేరు. బ్రెజిల్ ఆ రోజుల్లో సరిహద్దులోని రోరైమా రాష్ట్రంలో బలగాలను పెంచింది కూడా ఇందుకే. లెథెం చుట్టూ ఉన్న రూపునూని గడ్డిభూములను ఖాళీ జాగాగా చూపవద్దు. అక్కడ మకుషి, వపిషన ప్రజల ఊళ్ళున్నాయి.

ఇక అసలు కష్టం గెలుపు షరతుల దగ్గర వస్తుంది. ఇక్కడ తొందరపడితే ముందు చేసిందంతా వృథా.

ఒకసారి నేను ప్రాంతానికి ఐదు పాయింట్ల చొప్పున పెట్టాను. వెనిజులా ఆటగాడు రెండో వంతులోనే దండెత్తాడు. గయానా ఆటగాడికి కాపలా కాయడం తప్ప పని లేక, అర్ధగంటలో ఆట మీద ఆసక్తి పోయింది. నేలకు పాయింట్లు పెడితే జరిగేది ఇదే. ఎసెకిబో గయానాలో మూడింట రెండు వంతులకు పైనే, దాదాపు 1,59,500 చదరపు కిలోమీటర్లు. అంత నేలకు విలువ కడితే దాన్ని ఆక్రమించకుండా ఎవరుంటారు?

కాబట్టి నేలకు సున్నా. ఎవరికి ఏం కావాలో కాగితం మీద రాసి కవరులో పెట్టి ఇవ్వండి. వెనిజులా ఆటగాడికి కావలసింది 2024 ఎన్నికల లోపు ఇంట్లో మద్దతు. గయానాకు కావలసింది న్యాయస్థానంలో తాను వేసిన కేసు నిలబడటం, సముద్రంలో చమురు పని ఆగకపోవడం. బ్రెజిల్‌కు తన రోడ్డు మీద పరాయి సైన్యం లేకపోవడం. కారికామ్‌కు ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం.

తరువాత సున్నా నుంచి పది దాకా ఉద్రిక్తత కొలబద్ద గీయండి. వెనిజులా దాన్ని ఒక మెట్టు పెంచిన ప్రతిసారీ ఒక పాయింటు. గయానా బయటి మిత్రుల సాయం తెచ్చుకుంటే దానికీ ఒక పాయింటు వస్తుంది, కొలబద్దా ఒక మెట్టు పెరుగుతుంది. ఏడుకు చేరాక ప్రతి వంతు చివర రెండు పాచికలు వేయాలి. మొత్తం తొమ్మిది గాని అంతకు మించి గాని పడితే సరిహద్దులో కాల్పులు, ఆట ముగింపు, ఇద్దరి పాయింట్లూ సగానికి కోత. ఒక్క వంతులో ఆ ప్రమాదం 36లో 10 పాళ్ళు. మూడు వంతులు అక్కడే నిలిస్తే సగం దాటిపోతుంది. ఆరు దగ్గర ఆగితే చాలని వెనిజులా ఆటగాడు అనుకుంటాడు. గయానా వేసే ఒక్క అడుగుతో అది ఏడవుతుంది. ఈ ఆటలో ప్రాణమంతా ఆ ఆరుకూ ఏడుకూ మధ్యే ఉంది.

నలుగురిని పిలిచే ముందు వెనిజులా పక్షాన మీరే ఐదుసార్లు ఆడి చూడండి. ప్రతిసారీ కాల్పుల దాకా వెళుతుంటే కోత పెంచండి. ఒక్కసారీ ఏడుకు చేరకపోతే కోత తగ్గించండి. పాచికల అంకెను మాత్రం ముట్టుకోవద్దు. అది మారిస్తే కొలబద్ద మొత్తం అర్థం కోల్పోతుంది.

అనుకోని సంఘటనల కార్డులు ఆరు చాలు. డిసెంబరు 5న వెనిజులా అప్పటి అధ్యక్షుడు మదురో ఎసెకిబోను కలుపుకున్న కొత్త పటం చూపడం, 7న అమెరికా సైన్యం గయానాతో కలిసి విమానాలు ఎగరేస్తుందన్న ప్రకటన వంటివి పెట్టవచ్చు. 6న గయానా సైనిక హెలికాప్టరు కూలి ఐదుగురు చనిపోయారు. దాన్ని కార్డు చేయవద్దు. వాళ్ళ కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

పదకొండో వంతు డిసెంబరు 14. ఆ రోజు కరీబియన్ దేశం సెయింట్ విన్సెంట్‌లోని అర్గైల్‌లో గయానా అధ్యక్షుడు ఇర్ఫాన్ అలీ, మదురో కలుసుకుని, ఒకరిపై ఒకరు బలం ప్రయోగించబోమని ప్రకటించారు. ఈ సంగతి ఆటగాళ్ళకు ముందే చెప్పవద్దు. కవర్లు విప్పి, పాయింట్లు లెక్కపెట్టి, ఎవరు ఏ రోజున వెనక్కి తగ్గగలిగేవారో అడిగి రాసుకున్నాకే ఆ ప్రకటన చదివి వినిపించండి.